బర్మా–థాయ్‌లాండ్ రైలు దారి: ప్రాణాలు తీసింది కలరానా, గడువా?

మీటర్‌గేజ్:
"అడవి, వాన, కలరా చంపాయి, ఇంజనీర్లను అనడం దేనికి" అనే మాట తరచూ వినబడుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన ఈ దారి థాయ్‌లాండ్‌లోని నాంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజాయట్ దాకా 415 కి.మీ. 1942 మధ్యలో మొదలుపెట్టి, 1943 అక్టోబరు 17న కొంకొయిటా దగ్గర రెండు కొసలూ కలిపారు. పనికి పెట్టిన 60 వేల పైచిలుకు మిత్రరాజ్యాల యుద్ధఖైదీల్లో 12 వేలకు పైగా పోయారు. దీన్ని కలరా ఖాతాలో రాసేస్తే సరిపోదని నా వాదన.

చిట్టడవి:
సరే, జపాన్ వైపు నుంచి చూడండి. 1942 జూన్‌లో మిడ్‌వే నౌకాయుద్ధంలో జపాన్ ఓడింది. మలక్కా జలసంధి మీదుగా రంగూన్‌కి పోయే ఓడలకు జలాంతర్గాముల భయం. బర్మాలో సైన్యానికి బియ్యం, మందుగుండు చేరాలంటే రైలే దిక్కు. పైగా 1943 మేలో వానలతో పాటే కలరా దిగింది. జపాన్ వాళ్లూ చచ్చారు కదా, అక్కడున్న 12 వేల మంది జపాన్ వాళ్లలో దాదాపు వెయ్యి మంది.

మీటర్‌గేజ్:
ఆ లెక్కే నా సాక్ష్యం అండీ. వాళ్లలో నూటికి 8, ఖైదీల్లో నూటికి 20. అడవి ఒకటే, దోమ ఒకటే. తేడా అల్లా తిండి, మలేరియా మందు క్వినైన్, పని గంటలు. పాలిష్ పట్టిన బియ్యంతోనే నెలలు గడిపితే విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి రాక మానదు. చెప్పుల్లేని కాలికి వెదురు గీసుకుంటే వారంలో పుండు ఎముక దాకా పోయేది.

హెల్‌ఫైర్ పాస్ దగ్గర రాతి కొండను కోసిన పని చూడండి. ఒకడు ఉక్కు ఉలి పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి. దెబ్బ దెబ్బకీ ఉలి కాస్త తిప్పాలి, లేదంటే బెజ్జంలో ఇరుక్కుంటుంది. నీళ్లు పోసి రాతిపిండి తోడాలి, తర్వాత డైనమైట్. మొదట్లో జతకు రోజుకో మీటరు లోతు. గార్డులు "స్పీడో" అంటూ తరిమిన నెలల్లో అది రెండయింది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. రాత్రి వెదురు మంటల వెలుగులో పని. డిసెంబరు గడువును ఆగస్టుకి జరిపితే ఆ తేడా ఎవరి ఒంట్లోంచి తీయాలి?

కట్టకంకర:
గడువు పనినీ చెడగొట్టింది. హింటాక్ దగ్గర పచ్చి కలపతో లేపిన వంతెనకు "పేకముక్కల వంతెన" అని పేరు, కడుతుండగానే మూడుసార్లు కూలింది. వానలో తట్టలతో పోసిన మట్టి కట్ట సరిగా అణగదు, కొట్టుకుపోతుంది, మళ్లీ పోయాలి. అలాగని ఇంజనీర్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. 680కి పైగా వంతెనలు, వంపో దగ్గర కొండ అంచుకి అతికించినట్టున్న కొయ్య కట్టడం, తామర్కన్‌లో జావా నుంచి తెచ్చిన ఉక్కు గర్డర్లు. పని తెలుసు, మనిషి లెక్క లేదు.

రబ్బరుతోట:
మీరంతా ఖైదీల దగ్గరే ఆగారు. మలయా తోటల నుంచి తీసుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు, ఇంకా బర్మీలు, జావా వాళ్లు, మలయులు ఏరి? కూలీలు రెండు లక్షల దాకా, చావులు ఎక్కువగా చెప్పే అంచనా 90 వేలు. కలరా వాదన అసలు తేలేది ఇక్కడే. ఖైదీలకు సొంత డాక్టర్లున్నారు: నీళ్లు మరిగించడం, మరుగుదొడ్లు తవ్వడం, గిన్నెలు వేడినీళ్లలో ముంచడం కచ్చితంగా చేయించేవారు. దొంగిలించిన రాగి గొట్టాలతో నీళ్లను ఆవిరి చేసి చల్లార్చి, వంటుప్పు కలిపి, సన్నటి వెదురు గొట్టం సూదిగా సెలైన్ ఎక్కించారు. కూలీల గుడిసెల్లో చెప్పేవాడూ లేడు, చేసేవాడూ లేడు. రోగం ఒకటే, చావుల లెక్క వేరు.

చిట్టడవి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఖైదీల విషయంలో కొంత నిర్లక్ష్యం, కొంత కాగితాల గొడవ అంటాను. ఎఫ్ ఫోర్స్ అనే ఖైదీల దళాన్నే తీసుకోండి. 7,000 మందిని సింగపూర్ నుంచి "మంచి క్యాంపుకి" అని తెచ్చారు, అందులో రోగులే చాలామంది. థాయ్‌లాండ్‌లో రైలు దిగిన బాన్‌పాంగ్ నుంచి దాదాపు 300 కి.మీ. రాత్రిళ్లు నడిపించారు. పెత్తనం సింగపూర్‌ది, పని రైల్వే దళానిది, బియ్యం బాధ్యత ఎవరిదో తేలలేదు. ఏడాదిలోపు 3,000 మందికి పైగా పోయారు.

మీటర్‌గేజ్:
ఆ కాగితాల గొడవ మధ్యే రోగులనూ పనికి పంపారు కదండీ. 1907 హేగ్ ఒప్పందానికి జపాన్ కట్టుబడింది, ఖైదీలతో యుద్ధానికి సంబంధించిన పని చేయించకూడదని అందులో ఉంది. ఇంతా చేసి ఆగస్టు గడువు అందలేదు. రోజుకు 3,000 టన్నులు మోయాలన్న లక్ష్యాన్ని మధ్యలోనే 1,000కి దించుకున్నారు.

రబ్బరుతోట:
కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులున్నాయి, పేరు, దళం, తేదీ చెక్కి. తోట కూలీలను గోతుల్లో కలిపి పూడ్చారు. అందుకే దీన్ని "ఖైదీల రైలు" అనొద్దంటున్నా.