ఆక్టీన్ రకం డ్రిప్పు పైపుకు ఎక్కువ ధర ఇవ్వవచ్చా?

చీనీతోట, నార్పల: రెండో ఏడాదికే మా లేటరల్ పైపులు (చెట్ల వరస వెంట పరిచే సన్న డ్రిప్పు గొట్టాలు) పగిలాయి. ఎండకు కాదు. డ్రిప్పర్ గుచ్చిన ప్రతిచోటా సన్నని చీలికలు. కొత్తవి అడిగితే, ఇది బ్యూటీన్ రకం కాదు, ఆక్టీన్ రకం అంటూ ధర పెంచి చెబుతున్నారు. నిజమేనా?

రసాయనశాస్త్రం, అనంతపురం: తేడా నిజమే. ఈ పైపుల ప్లాస్టిక్‌ను ఇథిలీన్ అనే చిన్న అణువులను గొలుసుగా కలిపి చేస్తారు. ఇథిలీన్ ఒక్కదానితో కట్టిన తిన్నని గొలుసులు ఒత్తుగా పేరుకుని స్ఫటికాలవుతాయి. మధ్యమధ్య కొద్దిగా వేరే మోనోమర్ (గొలుసు కట్టే చిన్న అణువు) చేరిస్తే గొలుసుకు కొమ్మలు వస్తాయి. బ్యూటీన్‌తో 2 కార్బన్ల కొమ్మ, హెక్సీన్‌తో 4, ఆక్టీన్‌తో 6. పొడవు కొమ్మ స్ఫటికంలో ఇమడదు. అందుకే ఒకే గొలుసు కొంత ఈ స్ఫటికంలో, కొంత పక్కదానిలో చిక్కుకుని రెండింటినీ దారంలా కలిపి ఉంచుతుంది. డ్రిప్పర్ గుచ్చిన చోట పైపు ఎప్పుడూ సాగే ఉంటుంది. ఆ దారాలు తక్కువైతే అక్కడే చీలుతుంది. సబ్బు గుణమున్న మందులు తగిలితే మరీ త్వరగా.

పైపుల దుకాణం, తాడిపత్రి: ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నాను. మన ఎండలకు పైపును కాపాడేది కార్బన్ బ్లాక్, అంటే ప్లాస్టిక్‌లో కలిపే నల్లటి మసి పొడి. అది 2 నుంచి 2.5 శాతం సరిగా కలిస్తే చాలు.

రసాయనశాస్త్రం, అనంతపురం: అది ఎండ సంగతి. ఆయన అడిగింది చీలిక గురించి.

పైపుల దుకాణం, తాడిపత్రి: నల్లగా కనిపించినంత మాత్రాన కార్బన్ బ్లాక్ సరిపడా ఉన్నట్టు కాదు. ముందు ఆ శాతం చూడండి, కొమ్మల లెక్క తర్వాత.

శింగనమల రైతు: ఉడుతలు కొరికితే ఏ కొమ్మ ఆపుతుంది? మా తోటలో సగం నష్టం వాటిదే.

కౌలు రైతు, గార్లదిన్నె: నా కౌలు మూడేళ్లు. రాయితీ పట్టాదారుకు వెళ్లింది, పైపులు నా డబ్బుతో కొన్నాను. పదేళ్ల పైపు నాకెందుకు?

చీనీతోట, నార్పల: ప్రతి పంటకూ చుట్టి, మళ్లీ పరిచేది మీరే కదా తమ్ముడూ. గట్టి పైపు మీకే ఎక్కువ అవసరం.

కౌలు రైతు, గార్లదిన్నె: సలహా సులువే అన్నా. నిరుడు వేరుశెనగకు ఊడలు దిగే వేళ పైపులు పగిలి రెండు తడులు తప్పాయి. కొన్న రోజు ఏ రకమని అడిగితే అన్నీ ఒకటేనన్నారు. ఒకటే అయితే ఈ రోజు ధరలో తేడా ఎందుకు? తేడా ఉంటే ఆ రోజు ఎందుకు దాచారు? నా కోపం ఆక్టీన్ మీద కాదు.

పైపుల దుకాణం, తాడిపత్రి: మీకు అమ్మింది నేను కాదు. ఏ మోనోమర్ వాడారో కంపెనీలు మాకూ చెప్పవు.

కౌలు రైతు, గార్లదిన్నె: తెలియనప్పుడు ఆ పేరు చెప్పి ఎలా అమ్ముతారు?

రసాయనశాస్త్రం, అనంతపురం: దీనికి పరీక్ష ఉంది. ముక్కకు గాటు పెట్టి, వంచి, వేడి సబ్బు ద్రావణంలో ఉంచి, ఎన్ని గంటలకు పగిలిందో లెక్కిస్తారు. ఆ గంటలు రాసిన కాగితం అడగండి.

పైపుల దుకాణం, తాడిపత్రి: కంపెనీని అడుగుతాను. కార్బన్ బ్లాక్ శాతం కూడా అందులో ఉండాలి.

చీనీతోట, నార్పల: ఆ కాగితం వచ్చేదాకా నేను కొనను.