గోదావరి పాయ మీదుగా వేసిన లింక్ పూటకో రకంగా ఉంది, యాంటెన్నా ఎక్కడ పెట్టాలి?

లంకనెట్:
కోనసీమలో చిన్న కేబుల్ నెట్‌వర్క్ మాది. సముద్రానికి దగ్గరే. గట్టు ఇవతల ఆఫీసు దాకా ఫైబర్ ఉంది, అవతలి లంకకి ఏటి మీదుగా కేబుల్ లాగే వీలు లేక 5.8 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింక్ పెట్టాం. దూరం 4 కిలోమీటర్లు. ఇటు వాటర్ ట్యాంకు మీద 24 మీటర్ల ఎత్తులో డిష్, అటు డాబా మీద పైపు, మొత్తం 18 మీటర్లు. సిగ్నల్ ఒక పూట మైనస్ 58 డీబీఎం, ఇంకో పూట మైనస్ 75, అంటే బాగా పడిపోతోంది. వాన లేదు, గాలి లేదు, డిష్ కదల్లేదు. అదే ట్యాంకు మీద ఊళ్లోకి సిగ్నల్ ఇచ్చే మూడు సెక్టార్ యాంటెన్నాలూ ఉన్నాయి, అన్నీ చానల్ వాటంతటవే ఎంచుకునే ఆటోలో ఉన్నాయి, సాయంత్రమైతే స్పీడే ఉండదు. పవర్ పెంచాలా, పైపు ఇంకా ఎత్తు చేయాలా?

టవరెక్కేవాడు:
పవర్ ముట్టుకోవద్దు అన్నా. నీ పక్క సెక్టారే గట్టిగా అరుస్తుంటే 4 కిలోమీటర్ల నుంచి వచ్చే మాట నీ డిష్‌కి ఏం వినపడుతుంది? ముందు ఆటో తీసెయ్. రాత్రి జనం వాడే టైంలో రెండు వైపులా స్కాన్ చెయ్, ఇటు ఖాళీగా కనపడిన చానల్ అటు నిండి ఉండొచ్చు. 2018 నుంచి మన దగ్గర 5150-5350, 5470-5875 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ అక్కర్లేదు, అంత చోటుండగా అందరూ 5.8లోనే ఎందుకు తోసుకుంటారో! ఆ చోటులో లింక్ చానల్ ఒక చివర, సెక్టార్ల చానళ్లు ఇంకో చివర పెట్టు. చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ ఉంటే 40కో 20కో దించు. డిష్‌ని ఏటి వైపుకి, సెక్టార్లని ఊరి వైపుకి మార్చగలిగితే మధ్యలో కాంక్రీటు ట్యాంకే గోడలా అడ్డుంటుంది.

ఏటిగట్టు:
పై సలహా సాయంత్రం సమస్యకి సరిపోతుంది. పూటకో రకంగా ఉండటానికి మాత్రం నీళ్లే కారణం, పోటూ పాటూ టైములతో పోల్చి చూడండి. నేరుగా వచ్చే సిగ్నల్‌తో పాటు నీటి మీద తగిలి ఇంకోటి వస్తుంది. మీ ఎత్తుల్లో నీరు మీటరు లేస్తే రెండు దారుల తేడా 2 సెంటీమీటర్లు మారుతుంది. తరంగమే 5 సెంటీమీటర్లు కాబట్టి ఒకదాన్నొకటి బలపరిచేవి కాస్తా కొట్టేసుకుంటాయి. ఎత్తు పెంచితే ఈ మార్పు ఇంకా ఎక్కువవుతుంది! లంక వైపు డిష్ దించి చూడండి. ఇప్పుడు సిగ్నల్ తగిలే చోటు లంక డిష్‌కి 1.7 కిలోమీటర్ల దూరంలో ఉంది, 8 మీటర్లకి దించితే 1 కిలోమీటరుకి వస్తుంది. అక్కడ నీళ్లు కాక నేలో తోటలో అయితే ఈ గొడవ తగ్గుతుంది. ఏమున్నాయి?

లంకనెట్:
ఒడ్డు నుంచి డాబా దాకా కిలోమీటరుంపావు ఉంటుందండీ. అరటి, కూరగాయలు. డాబా దగ్గర్లో మాత్రం ఒక వరస కొబ్బరి చెట్లు.

ఏటిగట్టు:
అరటితో ఇబ్బంది లేదు. కిలోమీటరు దూరంలో, డిష్ నుంచి డిష్‌కి నేరుగా వచ్చే సిగ్నల్ లైను 12 మీటర్ల ఎత్తున పోతుంది, దాని కింద కనీసం 4 మీటర్లు ఖాళీ కావాలి, ఉంటుంది. కొబ్బరి వరస లైనుకి అడ్డమైతే ఆ డాబా వదిలేసి చెట్లకి ఏటి వైపున్న ఇల్లు చూడండి, తగిలే చోటు మళ్లీ లెక్కేసుకోవాలి. దించే ముందు పైపు మీద డిష్‌ని అర మీటరు చొప్పున కిందికి జరుపుతూ రీడింగులు రాసుకోండి.