సమస్య: శిలువ చేతికిచ్చి శిరము గొనెను

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. క్రీస్తు, యూదా కథ వైపు తిప్పేయకండి, అది మరీ తేలిక. దుక్ల్యా రాజు యోవన్ వ్లాదిమిర్ మీదే రాయాలి. దుక్ల్యా అంటే నేటి మాంటెనెగ్రోలో స్కాదర్ సరస్సు పక్కనున్న బుల్లి స్లావ్ రాజ్యం. బల్గేరియా చక్రవర్తి సామువేలు అతన్ని చెరపట్టాడు. సామువేలు కూతురు కోసర ఆ ఖైదీనే మనువాడింది. 1016 మే 22న ప్రెస్పాలో అతని తల తెగింది. శిలువ సంగతి మీరు చెప్పండి.

గోదారిగట్టు:
బంగరంపు శిలువ పంపగా వలదని
కొయ్య శిలువ కోరె కోసరపతి
దాని నంపి పిలిచి దైవాలయము ముందు
శిలువ చేతికిచ్చి శిరము గొనెను

చకోరం: "కోసరపతి" దగ్గర యతి భలే కుదిరింది! కానీ అన్వయం చూడండి గురువుగారూ, ఆ కోసరపతే ఎవరి తలో నరికినట్టు వస్తోంది. హంతకుడు పద్యంలో లేడు. మూడో పాదం ఇలా మారిస్తే?
ఇవను దాని నంపి హీనుడై గుడి ముందు

నిర్వాహకుడు: బాగుంది. అతన్ని చంపించిన బల్గేరియా రాజు ఇవాన్ వ్లాదిస్లావ్ కర్తగా దిగాడు, ఇ–హీ యతి కూడా సరే. ఇవాన్ అభయంగా బంగారు శిలువ పంపితే, క్రీస్తును వేసింది కొయ్య మీదేగానీ బంగారం మీద కాదని వ్లాదిమిర్ అన్న మాట మొదటి రెండు పాదాల్లో చక్కగా ఇమిడింది.

పద్యప్రియ:
సామువేలు కూతు జైలులో వరియించి
తిరిగి రాజ్యమేలె దీటుగాను
మామ చావ బావమరిది మాయగ పిల్చి
శిలువ చేతికిచ్చి శిరము గొనెను

గోదారిగట్టు: జైలేంటమ్మా, ఆటవెలదిలో!

పద్యప్రియ: "చెర" పెడితే సా–చె యతి చెల్లదండీ. జై అయితే ఐత్వం, సాలోని ఆ-కారంతో కలుస్తుంది కాబట్టి చెల్లుతుంది.

నిర్వాహకుడు: జైలు ఉండనివ్వండి, నాకు నచ్చింది. బావమరిది అనడం ఇంకా నచ్చింది. ఇవాన్ సామువేలు అన్న ఆరోను కొడుకు, అంటే కోసరకు పెదనాన్న కొడుకు. మన వరస సరిగ్గా సరిపోయింది. అయితే "మామ చావ" అనగానే వెంటనే జరిగినట్టుంది. సామువేలు పోయింది 1014లో. మధ్యలో అతని కొడుకు గావ్రిల్ రాదోమిర్ గద్దెనెక్కాడు, 1015లో అతన్నీ ఈ ఇవానే చంపాడు. నాలుగు పాదాల్లో అదంతా పట్టదు లెండి.

చకోరం: ప్రేమకథ, శిలువ రెండూ "దుక్ల్యా పూజారి వృత్తాంతం" అనే పాత గ్రంథంలోవే. బైజాంటైన్ చరిత్రకారుడు స్కిలిట్జెస్ శిలువ మాటే ఎత్తడు. ఆర్చిబిషప్ దావీదు ద్వారా ప్రమాణాలు పంపి నమ్మించారంటాడు. అలా చూస్తే మన సమస్యకు చరిత్రలో సగం బలమే ఉంది.

నిర్వాహకుడు: సమస్యకు సగం చాలు! నా ఓటు పద్యప్రియ గారికి. గోదారిగట్టు గారిది భాషలో మెరుగేగానీ, కర్తను వేరొకరు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది. వచ్చే వారం కూడా ఈ రాజే. చిత్రపటాల్లో ఈ సెయింటు తెగిన తన తలను తానే పట్టుకుని ఉంటాడు. పాదం: "తలను తానె మోసి దారి నడిచె". తన తల తానే పట్టుకునే ఛిన్నమస్త దేవిని మాత్రం పిలవకండి.