వలస సమాజాలను మలచింది వలసదారులా, సామ్రాజ్యాల మధ్య పోటీయా?

ప్రశ్న

అమెరికా ఖండాల వలస చరిత్రను సాధారణంగా పాలక దేశాల వారీగా విడగొట్టి చెబుతారు. స్పెయిన్ వారు వెళ్ళిన చోట ఒక రకం సమాజం, ఇంగ్లీషువారు వెళ్ళిన చోట మరొక రకం, ఫ్రెంచివారు వెళ్ళిన చోట ఇంకొక రకం ఏర్పడిందని, వారు తెచ్చుకున్న మతం, చట్టం, భాష అక్కడ వేళ్ళూనుకున్నాయని ఆ వివరణ సారాంశం. తరగతిలో నేనూ చాలా ఏళ్ళుగా అదే చెబుతున్నాను. కానీ పటం ముందు పెట్టుకుని చూస్తే ఈ వివరణ చాలదనిపిస్తోంది. కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా ఒకే దీవి అయినా దాని మీద ఒకదానితో ఒకటి పొసగని రెండు దేశాలు, పడమట హైతీ, తూర్పున డొమినికన్ రిపబ్లిక్, ఉన్నాయి. జమైకాను 1655లో ఇంగ్లీషువారు స్పెయిన్ నుంచి పట్టుకున్నారు. ఫ్లోరిడా 1763లో బ్రిటన్‌కు, 1783లో మళ్ళీ స్పెయిన్‌కు వెళ్ళింది. ఇలా జెండాలు మారడం అక్కడి మనుషుల బతుకులను లోతుగా మార్చిందా, లేక పైన పాలకులు మారుతున్నా కింద సమాజం తన దారిన తాను పెరిగిందా?

సమాధానం 1

మీరు చెప్పిన హిస్పానియోలాలోనే జవాబు చాలావరకు ఉంది. 16వ శతాబ్దం చివరి నాటికి ఆ దీవి ఉత్తర, పడమటి తీరాల్లోని పశువుల పెంపకందారులు ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి ఓడలకు దొంగచాటుగా తోళ్ళు అమ్ముకునేవారు. ఆ వ్యాపారాన్ని అరికట్టాలని స్పెయిన్ 1605, 1606 సంవత్సరాల్లో ఆ ఊళ్ళను తగలబెట్టించి, జనాన్ని దీవి రాజధాని శాంటో డొమింగో చుట్టుపక్కలకు తరలించింది. పోటీదారులను దూరంగా ఉంచడానికి చేసిన ఆ పని చివరికి వారికే చోటు ఖాళీ చేసి ఇచ్చింది. యజమానులు లేని పశువులు అడవుల్లో పెరిగాయి. వాటిని వేటాడి, మాంసాన్ని పొగబెట్టి, తోళ్ళు అమ్ముకునే ఫ్రెంచి వేటగాళ్ళు అక్కడికి చేరారు. 1697 నాటి రిస్విక్ ఒప్పందం తర్వాత పడమటి భాగం ఫ్రాన్స్‌కు స్థిరపడింది.

ఆ పైన జరిగింది ఘోరం. 1789 నాటికి ఆ పడమటి భాగంలో, అంటే సాన్ డొమాంగ్‌లో, చెరకు, కాఫీ తోటల కింద సుమారు 5 లక్షల మంది బానిసలు నలుగుతుండగా, తూర్పు భాగం తక్కువ జనంతో, పశుపోషణ మీద ఆధారపడి ఉండిపోయింది. 1791లో బానిసలు తిరగబడ్డారు. 1793లో స్పెయిన్, బ్రిటన్ రెండూ ఫ్రాన్స్‌తో యుద్ధానికి దిగగానే, తిరుగుబాటుదారుల తుపాకులు ఏ పక్షాన ఉంటే వలస ఆ పక్షానిదన్న పరిస్థితి వచ్చింది. తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్చర్ మొదట స్పెయిన్ పక్షాన పోరాడాడు. ఫ్రెంచి ప్రతినిధి సోంతోనాక్స్ 1793 ఆగస్టు 29న ఉత్తర ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. 1794 ఫిబ్రవరిలో పారిస్ కూడా రద్దు చేసింది. ఆ ఏడాదే టూసాన్ ఫ్రాన్స్ వైపు మారాడు. స్వేచ్ఛను బానిసలే తమ నెత్తురు పోసి తెచ్చుకున్నారు, అందులో నాకు సందేహం లేదు. అయితే వారి డిమాండును పారిస్ కాదనలేని స్థితికి తెచ్చింది మాత్రం మూడు సామ్రాజ్యాల మధ్య నడిచిన పోటీయే.

సమాధానం 2

పై సమాధానాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. బార్బడోస్‌ను చూడండి. 1627లో ఇంగ్లీషువారు స్థిరపడింది మొదలు 1966లో స్వతంత్రం వచ్చేదాకా ఆ దీవిని ఏ పరాయి రాజ్యమూ పట్టుకోలేదు. అయినా అక్కడ సమాజం ఒక్క తరంలోనే తలకిందులైంది. మొదట్లో ఇంగ్లండు, ఐర్లండు నుంచి ఒప్పంద కూలీలు వచ్చి చిన్న చిన్న కమతాల్లో పొగాకు, పత్తి పండించేవారు. 1640ల నుంచి చెరకు వచ్చాక ఆ కమతాలు పెద్ద తోటల్లో కలిసిపోయాయి, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంఖ్య తెల్లవారిని మించిపోయింది. ఆ భయంతోనే 1661లో అక్కడి శాసనసభ బానిసల చట్టం చేసింది. జమైకా, దక్షిణ కరోలినా తమ చట్టాలకు దాన్నే నమూనాగా తీసుకున్నాయి. ఒక దీవి భయం ఒక ఖండానికి చట్టమైంది.

అందువల్ల పోటీ కంటే పంటకే పెద్ద పీట వేయాలని నా అభిప్రాయం. మూలవాసుల విషయంలోనైతే మశూచి వంటి రోగాలు ఏ సైన్యమూ చేయలేని విధ్వంసం చేశాయి. జెండా ఎవరిదన్నది రోగానికి పట్టదు.

సమాధానం 3

పంట గురించి చెప్పింది నిజమే. కానీ తోట నుంచి తప్పించుకున్న మనిషి ఎటు పోగలడన్నది సరిహద్దే తేల్చింది. కరోలినాలోని ఇంగ్లీషు తోటల నుంచి పారిపోయి వచ్చి, కాథలిక్ మతం స్వీకరించిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ రాజు 1693లో ప్రకటించాడు. అది దయతో చేసిన పని కాదు. ఇంగ్లీషువారి తోటలను దెబ్బతీయాలి, తన సరిహద్దుకు కాపలా మనుషులు కావాలి. 1738లో స్పెయిన్ పాలనలోని ఫ్లోరిడాలో, సెయింట్ అగస్టీన్ పట్టణానికి ఉత్తరాన సుమారు రెండు మైళ్ళ దూరంలో అలాంటివారి కోసం ఫోర్ట్ మోసే అనే ఊరు వెలిసింది. మట్టి కట్టలతో చతురస్రంగా కట్టిన కోట, చుట్టూ కందకం, కందకం పొడుగునా ముళ్ళ మొక్కలు. కోటలోని దళానికి నాయకుడు ఫ్రాన్సిస్కో మెనెండెజ్, ఆయనా ఒకప్పుడు కరోలినాలో బానిసే. 1740లో జార్జియా సైన్యం ఆ కోటను ఆక్రమిస్తే, స్పెయిన్ సైనికులు, మూలవాసులతో కలిసి ఆయన మనుషులు తెల్లవారకముందే దాడి చేసి దాన్ని తిరిగి గెలుచుకున్నారు. పోటీ లేకపోతే ఆ ఊరే లేదు. అందుకే 1763లో ఫ్లోరిడా బ్రిటన్‌కు దక్కగానే ఆ ఊరి జనం ఓడలెక్కి క్యూబాకు వెళ్ళిపోవలసి వచ్చింది.

జమైకాలోనూ ఇదే జరిగింది. 1655లో ఇంగ్లీషువారు దిగినప్పుడు స్పెయిన్ వారి బానిసలు చాలామంది కొండలెక్కారు. వారితో మొదలై, తర్వాత పారిపోయి వచ్చినవారితో పెరిగిన మారూన్లను దశాబ్దాల తరబడి పోరాడినా లొంగదీయలేక, బ్రిటిష్ ప్రభుత్వం 1739లో వారి నాయకుడు కుడ్జోతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం మారూన్లకు స్వేచ్ఛను, భూమిని ఇచ్చింది. బదులుగా, పరాయి శత్రువు దీవి మీదికి వస్తే వారు బ్రిటిష్ పక్షాన నిలవాలి, ఇకమీదట పారిపోయి వచ్చే బానిసలను పట్టి అప్పగించాలి. ఆ చివరి షరతు చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. తమ స్వేచ్ఛను నిలుపుకోవడానికి, నిన్నటి దాకా తాము నడిచిన దారినే మూసివేయవలసి వచ్చింది వారికి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. బార్బడోస్ వాదన బలమైనదే అయినా, పంట ఆ సమాజాలలోని కష్టాన్ని వివరించినంతగా వాటిలో దొరికిన వెసులుబాటును వివరించదని నాకు తోస్తోంది. ఇక దేశాల వారీగా కాకుండా 1763 నుంచి పాఠం మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. ఆ ఏడాది పారిస్ ఒప్పందంతో ఉత్తర అమెరికా ప్రధాన భూభాగం నుంచి ఫ్రాన్స్ తప్పుకోగానే, మహా సరస్సుల ప్రాంతపు మూలవాసులు అప్పటిదాకా ఇటు ఫ్రాన్స్‌తో, అటు బ్రిటన్‌తో బేరం చేసుకోగలిగిన స్థితిని కోల్పోయారు. ఇక పోటీ లేదన్న ధీమాతోనే బ్రిటిష్ సేనాని ఆమ్హర్స్ట్ వారికి ఆనవాయితీగా అందే మందుగుండు, కానుకలను కుదించాడు. మూలవాసుల నాయకుడు పాంటియాక్ పేరుతో పిలిచే, బ్రిటిష్‌వారిపై వారు చేసిన యుద్ధానికి అది ఒక ముఖ్య కారణం.

ఇంకొక చిక్కు మిగిలింది. 1755లో నేటి కెనడా తూర్పు తీరంలోని అకేడియాలో ఉన్న ఫ్రెంచి కాథలిక్కులను బ్రిటిష్‌వారు ఇళ్ళు తగలబెట్టి మరీ ఓడలెక్కించారు. 1774 నాటి బ్రిటిష్ క్యూబెక్ చట్టం క్యూబెక్‌లో అదే భాష, అదే మతం ఉన్నవారికి మతస్వేచ్ఛనూ ఫ్రెంచి పౌరచట్టాన్నీ నిలబెట్టింది. మొదటిసారి ఎదుట ఫ్రాన్స్ ఉంది, రెండోసారి దక్షిణాన పదమూడు వలసలు అలజడిగా ఉన్నాయి. అంటే పోటీ ఒకే జనాన్ని ఒకచోట వెళ్ళగొట్టింది, మరొకచోట బుజ్జగించింది. యుద్ధం దగ్గరపడినప్పుడు కింది జనం బేరం పెరుగుతుందా, ప్రాణానికే ముప్పు వస్తుందా అన్నది దేన్నిబట్టి తేలుతుంది? సంఖ్యను బట్టా, ఉన్న చోటును బట్టా? దీని మీద మీ ముగ్గురి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.