అప్‌డేట్: పాప ఎగ్జిమాకి గుడ్డు, పల్లీ మానేయాలా అని అడిగాను కదా

మా పాపకి బుగ్గల మీద ఎర్రటి దద్దు, రాత్రంతా గోకుడు అని రాశాను. గుంటూరులోనే చర్మం డాక్టర్ గారికి చూపించాం. ఎగ్జిమానే, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు.

ఆవిడ చెప్పింది అందరికీ తెలియాలి. చర్మం పైపొర గట్టిగా ఉండాలంటే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. కొందరు పిల్లల్లో అది పుట్టుకతోనే తక్కువ. దాంతో చర్మంలోని తడి బయటికి పోతుంది, దుమ్ము, తిండి పదార్థాల అణువులు లోపలికి దూరతాయి. చాలామందిలో ఎగ్జిమా ముందు, అలర్జీ తర్వాత. అందుకే అనుమానంతో తిండి మాన్పించొద్దన్నారు. 2015లో వచ్చిన లీప్ (LEAP) అనే పల్లీ అలర్జీ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసిపిల్లలకి కూడా పల్లీ తొందరగా అలవాటు చేస్తే పల్లీ అలర్జీ బాగా తగ్గింది. అలాంటి పిల్లలకి డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి, పలుకులుగా అసలు పెట్టకూడదు.

సున్నిపిండి ఆపేశాం. గోరువెచ్చటి నీళ్లు, ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్, ఎర్రబడ్డప్పుడు రాసిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. ఆ పేరు వింటేనే టెన్షన్ పడిన మా అత్తయ్యగారే ఇప్పుడు ఓపిగ్గా రాస్తున్నారు. పాప నిద్రపోతోంది, ప్రాణం లేచొచ్చింది.

పెరిగేకొద్దీ మోచేతి, మోకాలి మడతల్లోకి రావచ్చట. చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి తర్వాత ఆస్తమా వస్తుంది. మిర్చి యార్డు దగ్గర ఉండేవాళ్లు ఘాటు రోజుల్లో పిల్లల్ని ఎలా చూసుకుంటున్నారో చెప్పండి.