గుడి పనుల్లో తిరిగేవాళ్లు ఊరి పనుల్లోకి వస్తారా?

గుణుపురం కుర్రాడు:
మాది 2016లో బరంపురం నుంచి విడిపోయిన రాయగడ కతోలిక పీఠం (బిషప్‌గారి పరిధి). పాటల బృందం, యువజన సంఘం అంటూ వారమంతా గుడి చుట్టూనే ఉంటాం. పల్లీసభ (ఒడిశాలో ఊరివాళ్ల సభ) అంటే మాత్రం మాలో ఒక్కడూ కదలడు. మీ విచారణల్లోనూ (పారిష్‌లలోనూ) ఇంతేనా? ఫాదర్‌గారు ఓటు గురించి ఏమైనా చెప్తారా?

పర్లాకిమిడి అక్క:
ఓటెయ్యమంటారు, ఎవరికో చెప్పరు తమ్ముడూ. మతం పేరుతో ఓటడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తప్పు కూడా. ఇక నా సంగతి. ఎనిమిదేళ్లుగా పూజలో వాక్యం చదువుతున్నాను. మొదట్లో చేతిలో కాగితం వణికేది. మొన్న పల్లీసభలో ఉపాధి పనుల జాబితా ఒడియాలో గబగబా చదివేసి సంతకాలు పెట్టమన్నారు. లేచి ‘ఆగండి, మళ్లీ చదవండి’ అన్నాను. రెండోసారి చదివితే మా వీధిలో ఎప్పుడో పోయిన ముసలాయన పేరు బయటపడింది! మైకు అలవాటు లేకపోతే నాకు నోరు పెగిలేదా?

కాశీనగరం మాస్టారు:
అందరికీ అలా రాదమ్మా. నేను విచారణ మండలిలో పదేళ్లున్నాను. మండలి సలహా ఇస్తుందంతే, నిర్ణయం ఫాదర్‌దే. సంఘ చట్టంలోనే (కానన్ లా) అలా ఉంది. అక్కడ తలూపడం అలవాటైనవాళ్లు సర్పంచ్ ముందూ ఊపుతారు. నాకు పనికొచ్చింది పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభ. ఇంటింటికీ తిరుగుతాం, ఇచ్చిన ప్రతి రూపాయీ పుస్తకంలో రాస్తాం. ఎవరింట్లో రేషన్ కార్డు లేదో పంచాయతీ కంటే ముందు మాకే తెలుస్తుంది.

రాయగడ నుంచి:
మాస్టారూ, భయం సంగతి వదిలేశారు. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సవరలకు ఆ చిక్కు లేదు, ఎస్టీ హోదా మతం మారినా పోదు. మా బావ ప్రతి ఆదివారం గుడికొస్తాడు, కమిటీలో పేరు మాత్రం రాయొద్దంటాడు. ఎస్సీ వార్డుకు నిలబడాలని ఆశ. పైగా 2008లో కంధమాల్‌లో క్రైస్తవులపై జరిగిన దాడులు చూసిన మా పెద్దవాళ్లు సభల మాటెత్తితేనే ‘మనకెందుకురా’ అంటారు. వాళ్లను తప్పుపట్టలేను.

పర్లాకిమిడి అక్క:
నిజమే. తమ్ముడూ, ముందు మీ బృందంలో పద్దెనిమిది నిండినవాళ్ల పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ఫారం 6 నింపించు.

గుణుపురం కుర్రాడు:
చూశానక్కా. పదకొండుమందిలో నలుగురికి లేవు. అందులో నేనొకణ్ని 😅