కోడ్‌తో గీసిన బొమ్మకు చెక్క అచ్చు గుణం ఎలా తేవాలి?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం):
నమస్కారమండీ. భీమిలి తీరంలోని పడవలను చెక్క అచ్చు బొమ్మల తరహాలో గీసేలా ప్రాసెసింగ్‌లో (బొమ్మలు గీసేందుకు వాడే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ రాస్తున్నాను. గీతలు మరీ నున్నగా వస్తున్నాయి. యాదృచ్ఛిక సంఖ్యలతో అంచులను చెదరగొడితే అవి వణికే చేతి గీతల్లా కనిపిస్తున్నాయి. దయచేసి మార్గం సూచించగలరు.

జవాబు (పెదవాల్తేరు):
అంచులను వదిలి పలక గురించి ఆలోచించండి. చెక్క అచ్చులో ఉలి తొలిచిన చోట తెలుపు, మిగిలిన చోట సిరా ఉంటాయి. కాబట్టి నల్లని గీతలు గీయడం మాని, నిండు నలుపులోంచి తెల్లని గాట్లను తొలగించేలా కోడ్ రాయాలి. గాటు సన్నగా మొదలై, మధ్యలో వెడల్పై, చెక్క నార దిశను అనుసరించాలి. ఆ నారను పెర్లిన్ నాయిస్‌తో (పక్కపక్క విలువలు నెమ్మదిగా మారే యాదృచ్ఛికత) ఒక్కసారే తయారుచేసి బొమ్మంతటికీ వాడండి. ప్రతి గీతకూ విడివిడిగా యాదృచ్ఛికత ఇవ్వడమే ఆ వణుకుకు కారణమని నా అభిప్రాయం.

జవాబు (గాజువాక):
పై సూచన సరైనదే. రంగులు కావాలంటే రంగుకో పొర చేసి, వాటిని ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు జరిపి, మల్టిప్లై పద్ధతిలో (రంగుపై రంగు పడిన చోట ముదురయ్యేలా) కలపండి. చిత్తూరు జిల్లాలో పుట్టిన ముద్రణ కళాకారుడు కృష్ణారెడ్డి గారు పారిస్‌లోని అటెలియే 17 అనే ముద్రణ స్టూడియోలో స్టాన్లీ విలియం హేటర్ తదితరులతో కలిసి అభివృద్ధి చేసిన విస్కాసిటీ ముద్రణను కూడా తప్పక పరిశీలించండి. నూనె శాతం వేర్వేరుగా ఉన్న సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో పలకలోని వేర్వేరు లోతులకు అందించి, ఒకే పలక నుంచి అనేక రంగులు రాబట్టే పద్ధతి అది. లోతు, చిక్కదనం అనే రెండు విలువలతో నడుస్తుంది కనుక కోడ్‌కు ఎంతో చక్కగా ఒదుగుతుంది.